రోడ్డు నిలవాలంటే రోలరు మనిషి మాట వినాలి

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే బస్సులో కూర్చున్నవారికి రోడ్డు మీది గుంత తెలుస్తుంది గాని, రోడ్డు కింద మట్టి సంగతి తెలియదు. గుంత పడ్డప్పుడల్లా తారు తక్కువ పోశారనీ, కంకర తగ్గించారనీ అనుకోవడం పరిపాటి. అది నిజమైన చోట నిజమే కావచ్చు. కాని కొల్లేటి చుట్టుపట్ల రోడ్డు చాలా సందర్భాల్లో చెడేది పైనుంచి కాదు, కిందనుంచి. అడుగున నల్లరేగడి ఉబ్బినా, కుంగినా, పైన ఎంత మందంగా తారు పరిచినా పగులు తప్పదు. ఆ మట్టిని చీల్చి, కలిపి, పదునుకు తెచ్చి, తొక్కించి, బరువు మోయగల నేలగా మార్చేవాడు యంత్రం మీద కూర్చున్న ఆపరేటరు. పని జరిగేచోట ఆ మనిషి మాటకు విలువ లేనంతకాలం ఈ ప్రాంతపు రోడ్లు మరమ్మతు పద్దులోనే తిరుగుతూ ఉంటాయి.

రెండు నేలల సరిహద్దు

ఏలూరు, తాడేపల్లిగూడెం రెండూ మెట్టకూ డెల్టాకూ నడుమనున్న పట్టణాలు. ఉత్తరాన ద్వారకా తిరుమల వైపు పోతే ఎర్రనేలలు, గ్రావెల్ దిబ్బలు. దక్షిణాన గోదావరి కాలువల కిందకు దిగితే ఒండ్రు, రేగడి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి ఏలూరు ఒక జిల్లాకు కేంద్రమైంది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. జిల్లా హద్దులు మారాయి గాని మట్టి మారలేదు.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏళ్లు యుగాలుగా సన్నని బురదను తెచ్చి పోశాయి. ఆ నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఇలా పేరుకున్న బంకమట్టి వానకాలంలో నీరు పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ఎండి చెయ్యి దూరేంత నెరెలు విచ్చుతుంది. ఉబ్బడం, ముడుచుకోవడం ఈ రెండూ ఏటా జరిగేవే. ఇల్లు కట్టినవారు గోడ పగులులో దీనిని చూస్తారు. రోడ్డు వేసినవారు అంచుల కుంగుబాటులో చూస్తారు.

నేల బలాన్ని ఇంజనీర్లు సి.బి.ఆర్. అనే పరీక్షతో కొలుస్తారు. బాగా కూరిన కంకరరాతి గట్టిదనాన్ని నూరుగా పెట్టుకుని మట్టి దానితో పోలిస్తే ఎంత అని చూడటమే ఆ పరీక్ష. నాలుగు రోజులు నీటిలో నానబెట్టి చూస్తే నల్లరేగడికి 2, 3 శాతం మాత్రమే తేలడం సర్వసాధారణం. అంటే కంకరతో పోలిస్తే నూటికి రెండు మూడు వంతుల బలం ఉన్న నేల మీద చేపల లారీలు, ధాన్యం లారీలు, ఇసుక టిప్పర్లు నడవాలి.

దీనికితోడు కొల్లేటి రోడ్లకు మరొక పీడ ఉంది. రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులు. రోడ్డు కట్టకూ చెరువు గట్టుకూ తేడా లేని చోట్లు అనేకం. నీరు ఏడాది పొడవునా అటు నుంచీ ఇటు నుంచీ కట్టలోకి ఊరుతూనే ఉంటుంది. పైనుంచి చేపల లారీల ఐసు నీరు కారుతుంది. ఇంత తడిలో నిలబడాలంటే కట్టలోని ప్రతి పొరా సరిగా కూరి ఉండాలి.

పలుగూ పారా నుంచి ప్రొక్లెయిన్ దాకా

ఈ నేలను మలిచే పని ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, దాని కింద డెల్టా కాలువలు తవ్వినప్పుడు ఆ మట్టినంతా ఎత్తింది మనుషులే. పలుగు, పార, తట్ట తప్ప వేరే సాధనం లేదు. మట్టిపనిలో తరతరాలుగా ఆరితేరిన వడ్డెర, ఉప్పర కుటుంబాలకు ఏ మట్టి ఎప్పుడు తవ్వాలో, ఎంత పదునులో పోస్తే కట్ట నిలుస్తుందో కళ్లతో చూసి చెప్పే నేర్పు ఉండేది. పొర పొరగా పోసి, దిమ్మిసలతో కొట్టి, మనుషులూ పశువులూ తొక్కగా ఆ గట్లు గట్టిపడ్డాయి.

1970వ దశకం మధ్యలో ప్రభుత్వం లంక గ్రామాల సొసైటీలకు కొల్లేటిలో చేపల చెరువులు ఇచ్చినప్పుడు కూడా పని చాలావరకు కూలీలదే. తర్వాతి కాలంలో బుల్డోజర్లు వచ్చాయి, వాటి వెనుక పొడవాటి చెయ్యి గల తవ్వుడు యంత్రాలు వచ్చాయి. పోక్లెయిన్ అనేది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. ఆ పేరే కొల్లేటి ఊళ్లలో యంత్రానికి పేరై, నోట పడి ప్రొక్లెయిన్ అయింది. చేతిపనికి నెలలు పట్టే చెరువు రోజుల్లో తయారైంది. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు తెగగొట్టవలసి వచ్చినప్పుడు ప్రభుత్వం పిలిచింది మళ్లీ ప్రొక్లెయిన్లనే. కట్టినా, కొట్టినా లివరు మీద చెయ్యి ఆపరేటరుదే. ఏం కట్టాలో, ఏం కొట్టాలో మాత్రం అతడిని అడిగినవారు లేరు.

చెరువు తవ్వడానికీ రోడ్డు నేలను గట్టి చేయడానికీ చాలా భేదం ఉంది. తవ్వుడులో తప్పు కంటికి కనిపిస్తుంది, మర్నాడు దిద్దుకోవచ్చు. రోడ్డు పొరలో తప్పు మీద మరో పొర పడిపోతుంది. అది బయటపడేది రెండు వానకాలాలు గడిచాకనే. అప్పటికి యంత్రం మరో ఊళ్లో ఉంటుంది, బిల్లు చెల్లిపోయి ఉంటుంది.

సున్నం చేసే మేలు

చెడ్డ నేలను బాగుచేసే పద్ధతులు కొన్ని ఉన్నాయి. మెట్ట నుంచి ఎర్ర గ్రావెల్ తోలి రేగడి మీద మందంగా పరచడం అందరికీ తెలిసినది. కాని దానికి కొండలూ దిబ్బలూ కరిగిపోతున్నాయి. అంత దూరం తోలే టిప్పర్లు దారిలోని పాత రోడ్లను పాడుచేస్తున్నాయి. ఉన్న మట్టికే సున్నం కలిపి బాగుచేయడం రెండో పద్ధతి. సున్నంతో పాటు థర్మల్ కేంద్రాల బూడిద కలపడం, కొన్నిచోట్ల సిమెంటు కలపడం కూడా ఉన్నాయి. సున్నం గుణం గోదావరి జిల్లాలవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. గానుగ సున్నంతో కట్టిన పాత మేడలు నేటికీ నిలిచి ఉన్నాయి. నీటి పులుపు విరగడానికి చేపల రైతు చెరువులో సున్నం చల్లుతూనే ఉన్నాడు.

బంకమట్టిలో తగు పాళ్లలో, సాధారణంగా బరువులో 3 నుంచి 8 శాతం వరకు, సున్నం కలిపితే జిగట విరుగుతుంది, ఉబ్బే గుణం తగ్గుతుంది, నెలలు గడిచేకొద్దీ నేల రాయివలె బిగుస్తుంది. కాగితం మీద ఇంతే. నేల మీద మాత్రం ఇది పూర్తిగా ఆపరేటరు చేతి పని.

ముందు గ్రేడరు పళ్లతో నేలను చీల్చాలి. సున్నం సమంగా పరచాలి. రోటవేటరుతోనో, పెద్ద పనుల్లో అయితే స్టెబిలైజరు యంత్రంతోనో మట్టిగడ్డలను నలగగొట్టి కలపాలి. జాతీయ రహదారుల నిబంధనల ప్రకారం సున్నం కలిపే మట్టి నూటికి 80 వంతులు కందిగింజంత సైజుకు రావాలి. రేగడి గడ్డ బయట తెల్లగా సున్నం పట్టి, లోపల నల్లగా పచ్చిగా ఉంటే ఆ పని పని కాదు. తర్వాత తగినంత నీరు పట్టించాలి. డ్రమ్ముకు మొద్దుల్లాంటి పాదాలున్న రోలరుతో తొక్కించి, చివర నున్నటి రోలరు తోలాలి. ఒక్కొక్క పొర 20 సెంటీమీటర్లకు మించితే అడుగు కూరుకోదు. కలిపిన సున్నం గాలికి ఎక్కువసేపు ఉంటే సత్తువ పోతుంది. కనుక కొద్ది గంటల్లోనే తొక్కుడు ముగించాలి. ఆ పైన కనీసం 7 రోజులు తడి ఆరకుండా కాపాడాలి, లారీలను ఎక్కనీయరాదు.

ఇందులో అన్నిటికన్నా కష్టమైనది పదును. తడి తక్కువైతే మట్టి కూరుకోదు, ఎక్కువైతే రోలరు ముందు అలలాగా లేచి వెనుక కుంగుతుంది. ప్రయోగశాల చెప్పే అంకె ఒకటి ఉంటుంది. కాని ఎండను బట్టి, గాలిని బట్టి, పక్క చెరువు ఊటను బట్టి ఆ పదును గంట గంటకూ మారుతుంది. దానిని ముందుగా పసిగట్టేవాడు రోలరు మీద ఉన్నవాడే. నేల మెత్తగా ఉన్నంతసేపూ డ్రమ్ము అదురును మట్టి మింగేస్తుంది. నేల బిగిసిన తర్వాత అదురు తిరిగి సీటుకు తగులుతుంది, చప్పుడు మారుతుంది. విదేశాల్లో ఇదే అదురును కొలిచి తెర మీద చూపే మీటర్లు రోలర్లకు బిగిస్తున్నారు. అనుభవం గల ఆపరేటరుకు ఆ మీటరు ఒంట్లోనే ఉంది.

వినేవాడేడీ?

ఆ మీటరు చెప్పేది వినేవారు లేకపోవడమే ఇక్కడి అసలు జబ్బు. కొల్లేటి రోడ్డు పని ఎక్కడ జరిగినా వినిపించే మాటలు ఇవి. “మట్టి ఇంకా పచ్చిగానే ఉందండీ బాబూ, ఈ పూట ఆరనిస్తే మంచిదండీ” అంటాడు ఆపరేటరు. “వానొచ్చేలా ఉందయ్యా, ఎల్లుండికి బిల్లు పెట్టాలి, తొక్కించెయ్” అంటాడు పని చూసే మేస్త్రి. ఆపరేటరు మారుమాట్లాడడు. మాట్లాడితే మర్నాడు ఆ సీటులో ఇంకొకరుంటారు. నెల జీతమూ రోజు బత్తా మీద బతికేవాడు ఎంతకని ఎదురు చెప్పగలడు? అద్దె యంత్రమైతే గంటకింతని లెక్క. యంత్రం ఆగితే యజమానికి నష్టం, నడిస్తే లాభం. పచ్చిమట్టిని తొక్కినా, పదునుమట్టిని తొక్కినా గంట గంటే.

కంట్రాక్టర్ల వాదన కూడా కొట్టివేయదగినది కాదు. వానలు వెనుదిరిగాక డిసెంబరు నుంచి మే వరకే మట్టిపనికి అదను. టెండర్లలో రేట్లు కోసుకోవలసి వస్తుంది. బిల్లులు ఆలస్యమైతే వడ్డీ పెరుగుతుంది. అయినా ఒక లెక్క వారు కూడా వేసుకోవాలి. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్లకు అయిదేళ్ల నిర్వహణ బాధ్యత కంట్రాక్టరుదే. ఒక్క పూట మట్టి ఆరనివ్వడం వల్ల పోయేది ఒక పూట అద్దె. పచ్చిమట్టి మీద రోడ్డు వేయడం వల్ల పోయేది అయిదేళ్ల మరమ్మతు.

పరీక్షలు చేయడానికి ఇంజనీర్లున్నారు గదా, ఆపరేటరు మాటతో పనేమిటని అధికారులు అనవచ్చు. రోడ్డు అడుగు పొర గరిష్ఠ సాంద్రతలో 97 శాతానికి తగ్గకుండా కూరాలని నిబంధన ఉంది, గుంట తీసి ఇసుక పోసి కొలిచే పరీక్షా ఉంది. కాని పరీక్ష జరిగేది అక్కడొక గుంట, ఇక్కడొక గుంట. రోలరు తిరిగేది ప్రతి అడుగునా. గుంట తీయని చోట ఏం జరిగిందో తెలిసిన మనిషి ఒక్కడే. అతడి సాక్ష్యం ఏ పుస్తకంలోనూ లేదు.

సీటు మీది మనిషి

ఈ పనిలో ఒంటికి కలిగే హాని కూడా తక్కువది కాదు. రోజుకు పది గంటలు అదురే సీటులో కూర్చున్నవారికి నడుము నొప్పి ముందు వస్తుంది, వినికిడి తర్వాత తగ్గుతుంది. వేసవిలో ఇనుప కేబిను పొయ్యిలా కాగుతుంది. సున్నం పని అయితే మరీ ప్రమాదం. పొడి సున్నం చెమట ఒంటి మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. కంట్లో పడిన వెంటనే కనీసం పావుగంట సేపు ధారగా మంచినీటితో కడగాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, ఒక పీపా మంచినీరు పని స్థలంలో ఉండటం పెద్ద ఖర్చేమీ కాదు. చెరువు అంచున పని చేసేటప్పుడు నానిన గట్టు జారి రోలరు నీటిలోకి ఒరిగితే తప్పించుకునే వ్యవధి ఉండదు. అంచుకు ఎంత దూరం ఆగాలో గుర్తులు పాతించడం యజమాని బాధ్యత.

1996లో వచ్చిన భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం రోడ్డు పనివారిని కూడా తన నీడలోకి తెచ్చింది. నిర్మాణాల ఖర్చు మీద సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలోనూ ఆ సెస్సు ఉంది. అయితే లబ్ధి పొందాలంటే గడచిన ఏడాదిలో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు ఉండాలి. నెలకొక ఊరు, పనికొక యజమాని అయిన ఆపరేటరుకు ఆ 90 రోజులూ ఎవరు రాసిస్తారు? డబ్బు వసూలవుతున్నా కాగితం లేనివాడికి అది అందని పండే.

ఇంకొక విడ్డూరం చూడండి. గోదావరి జిల్లాల నుంచి గల్ఫు దేశాలకు పోయే కుర్రాళ్లలో యంత్రాల ఆపరేటర్లు కూడా ఉన్నారు. అక్కడ పెద్ద పనుల్లో యంత్రం ఎక్కాలంటే పనితనం పరీక్ష నెగ్గాలి, ధ్రువపత్రం చూపాలి. అదే కుర్రాడు తాడేపల్లిగూడెం పరిసరాల్లో రోలరు ఎక్కితే మట్టి గురించి ఒక్క ప్రశ్న అడిగేవారుండరు. డ్రైవింగు లైసెన్సు బండి నడపగలడని చెబుతుందే గాని మట్టి ఎరుగునని చెప్పదు. క్లీనరుగా చేరి, పాత ఆపరేటరు భోజనానికి వెళ్లినప్పుడు సీటెక్కి నేర్చుకున్నదే చదువు. ఆ పాత ఆపరేటరు మంచివాడైతే మంచి పని, కాకపోతే వాడి తప్పులే వీడికి వారసత్వం.

చేయవలసినది

ఇందుకు పెద్ద ప్రణాళికలు అక్కరలేదు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, నిట్, నడుస్తోంది. సివిల్ ఇంజనీరింగు విభాగం ఉంది. అది ఉన్న ఊరికి ఒక పక్క ఎర్రనేల, మరో పక్క రేగడి. ప్రభుత్వ ఐటీఐలు ఉన్నాయి. యంత్రాల ఆపరేటర్లకు శిక్షణ, పరీక్షల కోసం దేశవ్యాప్తంగా ఒక నైపుణ్య మండలి కూడా ఉంది. వీటిని రోడ్లు భవనాల శాఖ ఒకచోట చేర్చి, వానకాలంలో యంత్రాలు ఖాళీగా ఉండే నెలల్లో ఆపరేటర్లకు కొద్ది వారాల శిక్షణ ఇప్పించవచ్చు. మట్టి పదును, పొర మందం, సున్నం పాళ్లు, అంచు జాగ్రత్తలు తెలుగులో చెప్పాలి. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్లకు వారి భాషలో చెప్పాలి. పాత ఆపరేటర్లను శిష్యులుగా గాక గురువులుగా కూర్చోబెట్టాలి.

రెండోది, పని స్థలంలో రోజువారీ పదును చీటీ ఉండాలి. ఇంజనీరు సంతకం పక్కన ఆపరేటరు సంతకం కూడా ఉండాలి. మట్టి పచ్చిగా ఉందని ఆపరేటరు రాస్తే ఆ పూట తొక్కుడు ఆగాలి, ఆగినందుకు అతడి బత్తా ఆగకూడదు. ఏ పొర ఎవరు తొక్కించారో పేరు పుస్తకంలో ఉంటే మంచి పనికి మర్యాద, చెడ్డ పనికి జవాబుదారీ రెండూ ఏర్పడతాయి. మూడోది, ప్రతి కంట్రాక్టరూ పని ముగియగానే ఆపరేటరుకు పనిదినాల పత్రం ఇచ్చి తీరాలి. అది ఇవ్వనిదే ఆఖరి బిల్లు చెల్లించరాదు. నాలుగోది, రోడ్డు కట్టకూ చెరువు గట్టుకూ మధ్య నీరు పోయే కాలువ ఉండాలి. అది లేకపోతే ఎంత నేర్పరి తొక్కించిన పొరైనా అడుగునుంచి నాని పోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీరు కిందకు వచ్చి చేరింది కొల్లేటికే. లంక గ్రామాలవారికి ఆసుపత్రికైనా, బడికైనా, చేపల అమ్మకానికైనా ఆ కట్ట రోడ్లే దిక్కు. వరద తీశాక తారు పోసి మూసేస్తే ఫోటోకు బాగానే ఉంటుంది. అడుగు పొర నీటికి కరిగిందా, నిలిచిందా అనేది వచ్చే వానకాలం చెబుతుంది. మట్టి పచ్చిగా ఉందని ఒకరు చెప్పినప్పుడు ఆ పూట పని ఆపి ఉంటే, ఆ జవాబు కోసం లంకలవారు భయపడుతూ ఎదురుచూడవలసిన పని ఉండదు. వచ్చే డిసెంబరులో మట్టిపని అదను మొదలయ్యేలోగానే రెండు జిల్లాల అధికారులు ఈ సంగతి తేల్చాలి.